దారి మారే క్షణం



2021 డిసెంబరు 1న తిరుమలకు పైకెక్కే ఘాట్ రోడ్డు మీద కొండచరియలు విరిగిపడ్డాయి. నవంబరు వానలకు తిరుపతి వీధులు మునిగి అప్పటికి రెండు వారాలే. కొండ బాగా నానిపోయి ఉంది. పెద్ద పెద్ద బండలు దొర్లుకుంటూ వచ్చి రోడ్డును కొట్టేశాయి. మన ఊరివాళ్లకు ఈ కథ వేరే చెప్పనక్కరలేదు. కొండకు రెండు రోడ్లున్నాయి. ఒకటి 1944లో తెరిచింది, దాని వెనక మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి ఆలోచన ఉంది. రెండోది 1974లో వచ్చింది. మామూలు రోజుల్లో పాత రోడ్డున దిగుతాం, కొత్త రోడ్డున ఎక్కుతాం. ఆ డిసెంబరులో ఎక్కే దారి మూతబడేసరికి, దిగే దారిలోనే వంతులవారీగా ఎక్కే బండ్లను కూడా వదిలారు. కొండ మీద దర్శనం ఆగలేదు.

రెండో దారి ఉండబట్టి గండం గడిచిందని అందరూ అనుకున్నారు. నిజమే. ప్రోగ్రాములు చదివి తప్పులు వెతకడం నా వృత్తి, అందువల్ల కాబోలు, నా మనసు మాత్రం వేరేచోట తగులుకుంది. బండలు పడిన కబురు కొండ కింద అలిపిరి గేటుకు చేరేలోపు గేటు దాటి వెళ్లిపోయిన జీపుల సంగతేమిటి? "పైన రాళ్లు పడినాయంట, ఈ దారి లేదు సామీ" అని ఒక వరుసలో చెబుతుండగానే పక్క వరుసలో ఒక బండిని వదిలేస్తే? దిగే బస్సుల్లో చివరిది ఇంకా మలుపుల్లో ఉండగానే కింద ఎక్కేవాళ్లకు గేటు తీస్తే? ఘాట్ రోడ్డు మీదైతే ఇవన్నీ చూసుకోవడానికి మనుషులుంటారు. చేతిలో వాకీటాకీ ఉంటుంది, కళ్లెదుట మలుపు ఉంటుంది, అనుమానమొస్తే కాసేపు ఆపుతారు. ఇదే పని కంప్యూటర్‌లో సెకనుకు లక్షలసార్లు, మనిషి ఎవరూ లేకుండా జరుగుతూ ఉంటుంది. అక్కడ దారి మారే క్షణాన్ని కాపాడేది ముందుగా ఎవరో రాసిపెట్టిన నాలుగు వాక్యాల ప్రోగ్రామ్, దాన్ని ఇంకెవరో అనుమానంతో చదివిన చదువు. ఆ చదువు గురించే ఈ ప్రసంగం.

పెద్ద సర్వర్ గది దేన్నయినా తీసుకోండి, బ్యాంకుది కానీ, ఆసుపత్రిది కానీ, రైలు రిజర్వేషన్‌ది కానీ. లెక్కలు వేసే సర్వర్ ఒకచోట ఉంటుంది, సమాచారం దాచే డిస్కుల పెట్టె ఇంకోచోట ఉంటుంది. మధ్యలో కేబుళ్లు, స్విచ్‌లు. సర్వర్‌లో రెండు కార్డులు పెడతారు, మధ్యలో రెండు స్విచ్‌లు, పెట్టెలో రెండు కంట్రోలర్లు. ఏది చెడినా ఇంకోటి పని చేయాలి. ఇలా కలిపితే ఒకే డిస్కుకు తరచుగా నాలుగు దారులు తేలతాయి. ఆపరేటింగ్ సిస్టమ్ నడిబొడ్డున ఉండే భాగాన్ని కెర్నెల్ అంటాం. దాని కంటికి మొదట ఆ ఒక్క డిస్కే నాలుగు డిస్కులుగా కనిపిస్తుంది. డిస్కు తన గుర్తింపు సంఖ్య చెబుతుంది కాబట్టి, ఈ నాలుగూ ఒకటేనని కెర్నెల్ పోల్చుకుని, పైన ఉండే ప్రోగ్రాములకు ఒకే డిస్కుగా చూపిస్తుంది. ఏ పనిని ఏ దారిన పంపాలో తానే చూసుకుంటుంది. దీన్నే మల్టీపాత్ అంటారు.

లినక్స్‌లో ఈ పనికి రెండు పద్ధతులున్నాయి. డివైస్ మ్యాపర్ అనే భాగం మీద కట్టిన మల్టీపాత్ 2005 ప్రాంతంలో వచ్చింది. అలాస్డేర్ కెర్గన్ దాన్ని చూసుకునేవారు. దానికి తోడుగా వాడే పనిముట్లు క్రిస్టోఫ్ వరోకీవి. తరువాత ఫ్లాష్ డిస్కుల వేగానికి తగినట్టు ఎన్‌వీఎంఈ అనే కొత్త పద్ధతి వచ్చింది. దానికి సొంత మల్టీపాత్‌ను క్రిస్టోఫ్ హెల్‌విగ్ రాశారు. 2018 జనవరిలో విడుదలైన 4.15 కెర్నెల్‌లో అది చేరింది. పాతది పెద్దమనిషి లాంటిది, ఎన్నో రకాల పెట్టెలతో సర్దుకుపోయే ఓపిక దానికుంది. కొత్తది చిన్నది, చురుకైనది. చదివి అర్థం చేసుకోవడానికి కూడా కొత్తదే మేలని నా అభిప్రాయం. అందుకే మిగతా కథ దానితో చెబుతాను.

ఈ రోజుల్లో ఒక సర్వర్‌లో అరవై నాలుగు, నూట ఇరవై ఎనిమిది కోర్‌లు, అంటే ఒకేసారి ఎవరి పని వాళ్లు చేసుకునే ప్రాసెసర్లు, ఉండటం మామూలు. ప్రతి కోరూ ఒకే సమయంలో అదే డిస్కుకు పనులు పంపుతూ ఉంటుంది. పంపే ప్రతిసారీ "ఇప్పుడు మంచి దారి ఏది?" అని జాబితా అంతా వెతకడం దండగ. అందుకని కెర్నెల్ ఒకసారి వెతికి తేల్చుకున్న దారిని ఒకచోట రాసి పెట్టుకుంటుంది. అది మెమరీలో ఒక చిరునామా మాత్రమే. కోర్‌లన్నీ వచ్చి ఆ చిరునామా చదువుకుని ఆ దారిన పని పంపి పోతుంటాయి.

సరే, ఇప్పుడు ఒక దారి శాశ్వతంగా పోయిందనుకుందాం. కార్డు పీకేశారు. ఆ దారికి సంబంధించిన మెమరీని కెర్నెల్ తిరిగి తీసేసుకోవాలి. చూస్తే సులువే: రాసిపెట్టుకున్న చిరునామా చెరిపేయాలి, జాబితాలోంచి ఆ దారిని తీసేయాలి, మెమరీ వదిలేయాలి. పరీక్ష పేపర్లో ఈ జవాబు రాస్తే పూర్తి మార్కులు వస్తాయి. కెర్నెల్‌లో రాస్తే ఏడాదికో రెండేళ్లకో ఒక రాత్రి మెషీన్ పడిపోతుంది.

ఎందుకో కాస్త దగ్గరగా చూద్దాం. ఒక కోర్ జాబితాలో వెతుకుతోంది. చూసింది, ఈ దారి బాగానే ఉంది అనుకుంది, దాన్ని రాసిపెట్టబోతోంది. ఇంకా రాయలేదు. సరిగ్గా అప్పుడే ఇంకో కోర్ వచ్చి, దారి పోయింది కాబట్టి రాసిపెట్టిన చిరునామాను చెరిపేసింది. ఆ వెంటనే మొదటి కోర్ తాను అనుకున్నది రాసేసింది. చచ్చిపోతున్న దారి చిరునామా మళ్లీ అక్కడికి వచ్చి కూర్చుంది. చెరిపిన కోర్‌కు ఈ సంగతి తెలియదు, చెరిపాను కదా అన్న ధీమాతో మెమరీని వదిలేసింది. ఆ మెమరీని వేరే అవసరానికి ఎవరో తీసుకున్నారు. ఇక మూడో కోర్ వచ్చి చిరునామా చదివి, దారి అనుకుని అందులోకి దిగుతుంది. అక్కడ దారి లేదు. ఎవరిదో మెమరీ ఉంది. అదృష్టం బాగుంటే మెషీన్ అక్కడికక్కడే కుప్పకూలుతుంది. బాగోకపోతే కూలకుండా తప్పుడు పని చేసుకుంటూ పోతుంది. ఎవరూ ఏ తప్పూ చేయలేదు. ప్రతి కోరూ తనకు తెలిసినంతలో సక్రమంగానే నడిచింది.

ఇప్పటి కెర్నెల్‌లో దీన్ని ఎలా కాచుకున్నారో చూస్తే ముచ్చటేస్తుంది. ముందుగా ఆ దారికి ఉన్న "సిద్ధం" అనే జెండాను దించుతారు. దించి ఆగుతారు. ఎంతసేపు? జెండా దించకముందు వెతుకులాట మొదలుపెట్టిన కోర్‌లన్నీ తమ పని ముగించి బయటికి వచ్చేదాకా. ఆ తరువాత వెతికేవాళ్లెవరైనా జెండా దిగి ఉండటం చూస్తారు కాబట్టి ఆ దారిని మళ్లీ ఎంచుకోరు. అప్పుడు రాసిపెట్టిన చిరునామాను చెరుపుతారు. అక్కడ నిజంగా ఆ దారే ఉండి ఉంటే, దాన్ని ఇంతకుముందే చదివేసుకున్నవాళ్లు బయటికి వచ్చేదాకా మళ్లీ ఆగుతారు. తరువాత జాబితాలోంచి తీసేసి ఇంకోసారి ఆగుతారు. అంతా అయ్యాకే మెమరీ సంగతి. ఇందులో మొదటి ఆగడానికి ముందే చిరునామా చెరిపేస్తే పాత కథే. మొదటి ఆగడం ఎందుకో చెబుతూ అక్కడ చిన్న వ్యాఖ్య కూడా రాసి ఉంది: ఈ దారి తిరిగి ఎంపిక కాకుండా ఉండటానికి, అని. ఆ వ్యాఖ్య లేకపోతే నాలుగేళ్ల తరువాత వచ్చిన హుషారైన కుర్రాడొకడు "ఇక్కడెందుకు ఊరికే ఆగుతున్నాం" అని ఆ వాక్యం తీసేసి ప్యాచ్, అంటే కోడ్‌కు మార్పు, పంపుతాడు. వేగం పెరిగిందని అంకెలు కూడా చూపిస్తాడు.

ఇక్కడ మీకొక సందేహం రావచ్చు. ఎవరు లోపలున్నారు, ఎవరు బయటికి వచ్చారు అన్నది తెలియాలంటే ప్రతివాళ్లూ తాళం వేసుకుని లోపలికి పోవాలి కదా, నూట ఇరవై ఎనిమిది కోర్‌లు ఒకే తాళం కోసం వరుసలో నిలబడితే ఇంత వేగం ఎలా వస్తుంది? రాదు. అందుకే చదివేవాళ్లకు తాళం లేకుండా చేసే ఉపాయం ఒకటి కనిపెట్టారు. ఆర్‌సీయూ అంటారు. 1990లలో సీక్వెంట్ అనే కంపెనీలో పాల్ మెకెన్నీ, జాక్ స్లింగ్‌వైన్ దీన్ని తయారు చేశారు, 2002లో లినక్స్‌లోకి వచ్చింది. దాన్ని లినక్స్‌కు తీసుకురావడంలో బెంగళూరు ఐబీఎం బృందంలోని దీపాంకర్ శర్మ, మనీష్ సోనీల చెయ్యి ఉంది. 2001లో ఒట్టావా సదస్సులో సమర్పించిన పత్రంలో వాళ్ల పేర్లు కనిపిస్తాయి. చిత్తూరులో బస్సెక్కితే నాలుగైదు గంటల దూరంలో జరిగిన పని ఇది. మన పిల్లలు కెర్నెల్ అంటే ఎక్కడో అమెరికాలో పుట్టే వస్తువనుకుంటారు కాబట్టి ఈ మాట చెబుతున్నాను. ఈ ఉపాయంలో చదివేవాడు ఎవరికోసమూ ఆగడు. మార్చేవాడే ఓపిక పట్టాలి. మల్టీపాత్‌లో వాడేది అందులో ఒక రకం, చదివేవాడు మధ్యలో నిద్రపోయినా ఫరవాలేదనే రకం; అందులో చదివేవాడు లోపలికి పోతూ, వస్తూ తన కోర్ దగ్గర ఉన్న లెక్కలో ఒక గుర్తు పెట్టిపోతాడు, అంతే.

ఏకకాలంలో పలువురు ఒకే సమాచారం మీద పని చేయడమనే ఈ చిక్కుకూ మన జిల్లాకూ ఇంకో పాత సంబంధం ఉంది. డబ్బాల రాజగోపాల్ రెడ్డి, లోకం రాజ్ రెడ్డి అని పిలిచే ఆయన, అప్పటి చిత్తూరు జిల్లా కాటూరులో 1937లో పుట్టారు. రైతు బిడ్డ. గిండీ ఇంజనీరింగ్ కాలేజీ, ఆస్ట్రేలియా, స్టాన్‌ఫర్డ్ మీదుగా కార్నెగీ మెలన్ విశ్వవిద్యాలయానికి చేరారు. 1994 ట్యూరింగ్ పురస్కారాన్ని ఎడ్వర్డ్ ఫైగెన్‌బామ్‌తో కలిసి అందుకున్నారు. ఆసియాలో పుట్టినవాళ్లలో ఆ పురస్కారం తొలిసారి దక్కింది ఆయనకే. ఇదంతా మనకు తెలిసిందే, సన్మాన సభల్లో వింటూనే ఉంటాం. ఆ సభల్లో ఎవరూ చెప్పని సంగతి ఒకటుంది.

1970లలో ఆయన బృందం మనిషి మాటను అర్థం చేసుకునే హియర్‌సే-2 అనే వ్యవస్థను కట్టింది. దాని అమరిక విచిత్రమైనది. ధ్వనులు తెలిసిన భాగం ఒకటి, పదాలు తెలిసినది ఒకటి, వాక్య నిర్మాణం తెలిసినది ఒకటి, ఇలా ఎవరికి వారుగా పని చేసే ప్రోగ్రాములు. ఇవి ఒకదానితో ఒకటి నేరుగా మాట్లాడుకోవు. అందరికీ ఉమ్మడిగా ఒక బోర్డు ఉంటుంది. ఎవరికి తోచిన ఊహను వాళ్లు ఆ బోర్డు మీద రాస్తారు, అవతలివాళ్లు రాసినదాన్ని చూసి తమ ఊహను సవరించుకుంటారు. అప్పట్లో కార్నెగీ మెలన్‌లో పదహారు ప్రాసెసర్లను ఒకటిగా కలిపి సీ.ఎంఎంపీ అనే యంత్రం కడుతున్నారు. అలాంటి యంత్రం మీద ఈ ప్రోగ్రాములన్నీ నిజంగా ఒకేసారి నడిస్తే ఏమవుతుంది? ఒకరు బోర్డు మీద ఒక ఊహను చదివి దాని ఆధారంగా రాయబోయేలోపు ఇంకొకరు ఆ ఆధారాన్నే మార్చేస్తే? ఆ బృందంలోని రిచర్డ్ ఫెనెల్, విక్టర్ లెసర్ దీని మీద 1977లో ఒక పత్రం ప్రచురించారు. బోర్డులో ఏ భాగానికి తాళం వేయాలి, తాళం వేయకుండా "నేను చూసినది మారితే నాకు చెప్పు" అని గుర్తు పెట్టుకుంటే చాలదా, తాళాల కోసం ఎదురుచూపుల్లో ఎంత కాలం వృథా అవుతుంది అని యంత్రాన్ని అనుకరించి కొలిచారు. చూసినదానికీ చేసినదానికీ మధ్య లోకం మారిపోతే ఏం చేయాలి అన్న ప్రశ్నే అది. ఇప్పటి మల్టీపాత్ ప్యాచ్‌లను చదివేటప్పుడు నేను వేసుకునే ప్రశ్న కూడా అదే.

మరి పరీక్షించి చూసుకోవచ్చు కదా, ఇంత తల బద్దలు కొట్టుకోవడం దేనికి అంటారా? 2003 ఆగస్టు 14న అమెరికా ఈశాన్య రాష్ట్రాల్లో, కెనడాలో కొంత భాగంలో కరెంటు పోయింది. దాదాపు 5 కోట్ల మంది చీకట్లో పడ్డారు. ఒహాయోలోని కరెంటు కంపెనీ కంట్రోల్ రూములో హెచ్చరికలిచ్చే సాఫ్ట్‌వేర్ అంతకు ముందే నోరు మూసుకుంది. లైన్లు ఒకదాని తరువాత ఒకటి తెగిపోతున్నా గంటకు పైగా ఆపరేటర్లకు ఆ సంగతి తెలియలేదు. ఆ సాఫ్ట్‌వేర్‌లో తప్పేమిటో కనిపెట్టడానికి వారాలు పట్టింది. ఒకే సమాచారం మీద రెండు ప్రక్రియలు ఒకేసారి రాయడం, దానికి సందు మిల్లీ సెకన్లలో ఉండటం. అంతకు ముందు ఆ వ్యవస్థ వేర్వేరు చోట్ల మొత్తం 30 లక్షల గంటలకు పైగా నడిచింది, ఒక్కసారి కూడా ఆ తప్పు బయటపడలేదు. ముప్పై లక్షల గంటల కన్నా ఎక్కువ పరీక్ష ఎవరు చేయగలరు?

కాబట్టి "పరీక్షలన్నీ నెగ్గింది" అని ప్యాచ్ కింద రాసి ఉంటే నాకు సంతోషమే కానీ, అది నాకు జవాబు కాదు. నేను అడిగేది వేరు. ఈ విలువను కాపాడుతున్న తాళం ఏది? ఏ తాళమూ లేకపోతే, లేకపోయినా ఫరవాలేదనడానికి కారణం ఏమిటి? ఆ కారణాన్ని మాటల్లో రాయగలవా? రాయలేకపోతే రాసినవాడికే తెలియదన్నమాట. చాలాసార్లు తప్పును నేను ఎత్తి చూపనక్కరలేదు, వివరణ కోరితే రాసినవాడు రాస్తూ రాస్తూ తన తప్పు తానే కనిపెడతాడు.

ఉదాహరణకు, పని విఫలమైన తరువాత ఏమవుతుందో చూడండి. ఒక దారిన పంపిన పని "దారి బాగోలేదు" అన్న జవాబుతో తిరిగి వచ్చింది. దాన్ని పారేయకూడదు, ఇంకో దారిన పంపాలి. అలాంటి పనుల్ని ఒక వరుసలో చేర్చి ఉంచుతారు, తరువాత ఒక ప్రత్యేక పనివాడు వచ్చి వాటిని తీసి మళ్లీ పంపుతాడు. ఆ వరుసకు స్పిన్‌లాక్ అనే చిన్న తాళం ఉంటుంది. తాళం దొరకనివాడు అక్కడే గిరగిరా తిరుగుతూ కాచుకుంటాడు. ఇక్కడ చదివేవాళ్లు చూడాల్సింది ఒకటుంది. జవాబు తెచ్చేది డిస్కు నుంచి వచ్చే ఇంటరప్ట్, అంటే జరుగుతున్న పనిని ఉన్నపళంగా ఆపి మధ్యలో దూరే కబురు. ఒక కోర్ ఆ తాళం వేసుకుని వరుసను సర్దుతుండగా, అదే కోర్ మీదికి ఇంటరప్ట్ వచ్చి అదే తాళం అడిగితే? తాళం వేసినవాడు పక్కకు నెట్టబడి ఉన్నాడు, అడిగినవాడు అది తీసేదాకా కదలడు. ఇద్దరూ ఒకే కోర్. ఇక ఉదయం దాకా అంతే. అందుకే ఆ తాళం వేసేటప్పుడు ఆ కోర్ మీద ఇంటరప్ట్‌లను ఆపి వేస్తారు. ఒక పదం తేడా. ఆ పదం మర్చిపోతే పదివేల సార్లు బాగానే నడుస్తుంది.

ఇలాంటి వాటిని పట్టే యంత్రాలు లేకపోలేదు. 2006లో ఇంగో మోల్నార్ తెచ్చిన లాక్‌డెప్ అనే భాగం, ఎవరు ఏ తాళాలను ఏ వరుసలో వేస్తున్నారో గమనించి, ప్రమాదం నిజంగా జరగకముందే అరుస్తుంది. ఇప్పుడు చెప్పిన ఇంటరప్ట్ చిక్కును అది చక్కగా పడుతుంది. 2020లో చేరిన కేసీశాన్, తాళం లేకుండా ఇద్దరు ఒకే చోట చేయి పెట్టడాన్ని పట్టుకుంటుంది. రెండూ గొప్ప పనిముట్లే. కానీ లాక్‌డెప్ తన కళ్లముందు నడిచిన కోడ్ గురించే చెప్పగలదు. కేసీశాన్ ఎత్తి చూపినదాన్నల్లా సరిదిద్దబోయి, "ఇది చదవడం మాత్రమే" అని ఒక గుర్తు తగిలించి దాని నోరు మూయించేవాళ్లను కూడా చూశాం. అనుమానాన్ని తీర్చడం వేరు, హెచ్చరిక రాకుండా చేయడం వేరు. ప్యాచ్ చదివి రివ్యూ చేసేవాడికి ఈ రెంటికీ తేడా తెలియకపోతే పనిముట్టు ఉండి కూడా ఉపయోగం లేదు.

నిల్వ కోడ్‌కు మాత్రమే ఉండే చిక్కు ఇంకోటుంది. మల్టీపాత్ పనివాడికి మధ్యలో కాస్త మెమరీ కావలసి వచ్చింది, అడిగాడు. మెషీన్‌లో మెమరీ ఖాళీ లేదు. ఖాళీ చేయాలంటే కెర్నెల్ పాత సమాచారాన్ని డిస్కుకు రాసి ఆ చోటు వదిలించుకోవాలి. ఏ డిస్కుకు? ఇదే డిస్కుకు, ఇదే పనివాడి చేతుల మీదుగా. ఆయన మెమరీ కోసం కూర్చున్నాడు, మెమరీ ఆయన కోసం కూర్చుంది. అందుకే ఈ కోడ్‌లో మెమరీ అడిగే ప్రతిచోటా "డిస్కు జోలికి పోకుండా ఉంటే ఇవ్వు" అనే షరతుతో అడగాలి. చదివేటప్పుడు కన్ను మొదట అక్కడికే పోవాలి.

అన్ని దారులూ పోతే? అప్పుడు ఏం చేయాలన్నది కోడ్ నిర్ణయించేది కాదు, దాన్ని నడిపేవాళ్లు నిర్ణయించుకోవాలి. దారి వచ్చేదాకా పనుల్ని పట్టుకుని కాచుకోమనవచ్చు, ఇంతసేపు చూసి కాదనమనవచ్చు. ఎప్పటికీ కాచుకోమని పెట్టి, తరువాత సర్వర్ ఆపబోతే ఆగదు. కాచుకుంటున్న పనులు తేలితే కదా ఆగడానికి! ఇది కొత్తగా చేరిన సిస్టమ్ అడ్మినిస్ట్రేటర్లకు జరిగే పెద్ద సన్మానం.

ఇవన్నీ ఒక ఎత్తు, కెర్నెల్ తాళాలేవీ అందుకోలేని చోట జరిగేది ఇంకో ఎత్తు. ఒక దారిన ఒక రాత పంపాం. జవాబు రాలేదు. ఇక రాదనుకుని రెండో దారిన అదే రాత పంపాం, అయిపోయింది. దాని తరువాత అదే చోట కొత్త విలువ కూడా రాశాం, అదీ అయిపోయింది. కానీ మొదటి దారిన పోయిన రాత చావలేదు, అవతలి పెట్టెలోని కంట్రోలర్ దగ్గర నిలిచిపోయి ఉంది. ఇప్పుడు అది మేల్కొని రాసేస్తే కొత్త విలువ మీద పాత విలువ పడుతుంది. మెషీన్ కూలదు, హెచ్చరిక రాదు, ఖాతాలో అంకె మాత్రం నిన్నటిది. పెట్టె పాత పనిని వదిలేసిందని ఖాయంగా తేలేదాకా రెండో దారిన పంపకుండా ఆగడమే దీనికి విరుగుడు. ఎంతసేపు ఆగాలన్నది పెట్టెకూ సర్వర్‌కూ మధ్య ముందే కుదరాలి. దారి మార్చడం ఎంత వేగంగా జరిగితే అంత గొప్ప అని అమ్మేవాళ్లు చెబుతుంటారు. ఆ మాట వినేటప్పుడు ఈ రాతను గుర్తుపెట్టుకుని, పెట్టె పాత పనిని వదిలేసిందని ఎలా తేలుస్తారని అడగండి.

అయితే ప్రతిచోటా ఇంత బిగువు అక్కరలేదు. ఎక్కడ వదలవచ్చో తెలియడం కూడా రివ్యూలో భాగమే. 2024లో విడుదలైన 6.11 కెర్నెల్‌లో ఎన్‌వీఎంఈ మల్టీపాత్‌కు దారి ఎంచుకునే కొత్త పద్ధతి ఒకటి చేర్చారు. అంతకు ముందు దగ్గరి దారినో, వంతుల ప్రకారం ఒక్కో దారినో ఎంచుకునేవాళ్లు. కొత్త పద్ధతిలో ఏ దారిలో ఇంకా తేలని పనులు తక్కువున్నాయో చూసి దాన్ని ఎంచుకుంటారు. దానికి ప్రతి కంట్రోలర్‌కూ ఒక లెక్క ఉంటుంది. పని పోతే ఒకటి పెరుగుతుంది, తేలితే ఒకటి తగ్గుతుంది. ఎంచుకునే కోర్ ఆ లెక్కల్ని తాళం లేకుండానే ఒకదాని తరువాత ఒకటి చదువుతుంది. రెండోది చదివేలోపు మొదటిది మారిపోయి ఉంటుంది. మరి ఇది తప్పు కాదా? కాదు. పాత అంకెను నమ్మి కాస్త రద్దీ ఉన్న దారిన పంపితే పోయేది కొన్ని మైక్రోసెకన్లు. దానికోసం అందరినీ తాళం దగ్గర నిలబెడితే పోయేది అంతకన్నా ఎక్కువ. చదివిన అంకె పాతబడినా చెడేది ఏమీ లేదని ఇక్కడ కారణం చూపగలం.

అదే లెక్కలో పక్కనే ఇంకో చోట మాత్రం వదలడానికి వీల్లేదు. యజమాని మెషీన్ నడుస్తుండగానే పద్ధతిని మార్చవచ్చు. వంతుల పద్ధతిలో ఉన్నప్పుడు బయలుదేరిన పని లెక్కలోకి ఎక్కదు. అది తిరిగి వచ్చేలోపు పద్ధతి మారింది. వచ్చినవాడిని చూసి లెక్కలో ఒకటి తగ్గిస్తే, ఎప్పుడూ కలపనిదాన్ని తీసినట్టవుతుంది. అంకె అలా కిందికి జారితే ఆ దారి ఎప్పుడూ ఖాళీగా ఉన్నట్టు కనిపిస్తుంది, అందరూ అటే పోతారు. అందుకని బయలుదేరేటప్పుడే లెక్కలో చేర్చిన పని మీద ఒక గుర్తు వేస్తారు. తిరిగి వచ్చినప్పుడు ఇప్పుడున్న పద్ధతేమిటో చూడరు, ఆ పని మీద గుర్తుందా లేదా అనే చూసి తగ్గిస్తారు.

తిరుపతి ఐఐటీలో, శ్రీసిటీ ట్రిపుల్ ఐటీలో, మన ఎస్వీ యూనివర్సిటీలో ఆపరేటింగ్ సిస్టమ్స్ చదువుతున్న పిల్లలు ఎవరైనా వింటుంటే, ఎన్‌వీఎంఈ మల్టీపాత్ ఫైల్ తెరిచి ముందు ఈ గుర్తు ఎక్కడ వేస్తున్నారో, ఎక్కడ చూస్తున్నారో వెతకండి. రెండిటి మధ్యలో ఆ పని విఫలమై ఇంకో దారికి మళ్లితే, పాత దారి లెక్క ఎవరు తగ్గిస్తున్నారో కూడా చూడండి. పేజీ మీద రెండు గీతలు గీసుకుని, ఒకవైపు పంపే కోర్, ఇంకోవైపు జవాబు తెచ్చే ఇంటరప్ట్ పెట్టుకుని వాక్యం వాక్యం నడిపిస్తే ఒక పూటలో తేలుతుంది.